మొదటిసారి పోలింగ్ ఏజెంట్‌గా కూర్చుంటున్నారా? పొద్దున మాక్ పోల్ నుంచి రాత్రి 17సీ చేతికొచ్చేదాకా ఏం చేయాల

మన సీమలో బూత్ ఏజెంట్ అంటే ఇప్పటికీ చాలామందికి ఒకటే లెక్క, నోరు గట్టిగా ఉండాల, వెనక నలుగురు మనుషులుండాల, అవతలి పార్టీ వాడు గుడ్లురిమితే మనమూ ఉరమాల అని. పార్టీ ఆఫీసుల్లో ఏజెంట్ల లిస్టు రాసేటప్పుడు కూడా ఇట్లాగే చూస్తారు, ఫలానా వాడైతే గట్టోడు అని పేరు రాసేస్తారు. ఆ గట్టోడు పొద్దున ఏడున్నరకు ఆవులించుకుంటా వస్తాడు, అప్పటికి మాక్ పోల్, అంటే మిషన్ సరిగ్గా పనిచేస్తాందా అని ముందే వేసి చూసే ఉత్తుత్తి ఓటింగ్, అయిపోయింటాది, సీళ్ళు పడిపోయింటాయి, వాడు మాత్రం ఏమీ చూడకుండా సాయంత్రం దాకా కూర్చుని 17సీ అనే ఓట్ల లెక్క కాగితం కూడా తీసుకోకుండా ఇంటికి పోతాడు. నన్నడిగితే ఇంటర్ చదివిన ఆడపిల్ల పెన్నూ నోట్‌బుక్కూ పట్టుకుని కూర్చుంటే ఇట్లాంటి గట్టోళ్ళు పదిమంది పెట్టు. ఎందుకంటే బూత్‌లో ఏజెంట్ పనంతా నంబర్లు రాసుకోవడం, సంతకాలు పెట్టడం, కాగితం అడిగి తీసుకోవడం, అంతే. కర్నూలు, అనంతపురం, కడప ఏ పక్కనైనా ఈసారి ఎవరైనా మిమ్మల్ని కూర్చోమంటే ఏం చేయాలో వరసగా చెప్తా.

ముందు మీరు కూర్చోవడానికి పనికొస్తారా లేదా చూసుకోండి. మామూలుగా ఆ బూత్ ఓటరే ఏజెంట్‌గా ఉండాల, దొరక్కపోతే పక్క బూత్ ఓటరు, అదీ దొరక్కపోతే అదే అసెంబ్లీ నియోజకవర్గంలో ఇంకో బూత్ ఓటరైనా సరే, ఓటర్ కార్డు మాత్రం దగ్గరుండాల. ఎమ్మెల్యేలు, ఎంపీలు, మంత్రులు, గన్‌మెన్ ఉన్నవాళ్ళు కూర్చోకూడదు. గవర్నమెంట్ ఉద్యోగి అసలు కూర్చోకూడదు, ప్రజాప్రాతినిధ్య చట్టం 134ఏ ప్రకారం మూడు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. మా బావ టీచర్, ఆయనైతే బాగా మాట్లాడతాడు అని ఆశపడొద్దు.

తర్వాత ఫారం 10. ఇదే మీ నియామకపత్రం. క్యాండిడేట్ గానీ ఆయన ఎలక్షన్ ఏజెంట్ గానీ సంతకం పెట్టి ఇస్తారు, మీరు దాన్ని తీసుకపోయి బూత్‌కి పెద్ద అయిన ప్రిసైడింగ్ ఆఫీసర్ ముందర డిక్లరేషన్ మీద సంతకం పెట్టి ఆయనకు ఇయ్యాల. ఇక్కడ ఒక మెలిక ఉంది. క్యాండిడేట్ సంతకం ఎట్లుంటాదో చూపించే నమూనా, నియోజకవర్గంలో ఎన్నిక మొత్తం నడిపే రిటర్నింగ్ ఆఫీసర్ దగ్గరనుంచి ప్రతి బూత్‌కీ ముందే పోతాది, ప్రిసైడింగ్ ఆఫీసర్ మీ ఫారం మీద సంతకాన్ని దాంతో పోల్చి చూస్తాడు, తేడా ఉంటే మిమ్మల్ని లోపలికి రానీయడు. టైం లేదని మండల లీడరే క్యాండిడేట్ పేరుతో గీకేసిన ఫారాలు వెనక్కి వచ్చేది ఇందుకే, అప్పుడు బయట నిలబడి అధికారులు అన్యాయం చేస్తున్నారని అరిచి లాభం లేదు. ఒక క్యాండిడేట్‌కి ఒక బూత్‌లో ఒక ఏజెంట్, ఆయన లేచినప్పుడు కూర్చోవడానికి ఇద్దరు రిలీఫ్ ఏజెంట్లు, కానీ లోపల ఒక్కసారికి ఒక్కరే కూర్చోవాల. రిలీఫ్ వాళ్ళకీ ఫారాలు ముందే రాయించి పెట్టుకోండి, మే నెల ఎండలో పదమూడు పద్నాలుగు గంటలు ఒక్కరే కూర్చోవడం మాటలు కాదు.

ముందురోజు మూడు కాగితాలు సంపాదించాల. ఒకటి మీ బూత్ ఓటర్ల లిస్టు, ఫోటోలతో ఉంటే ఇంకా మంచిది. రెండోది ఏఎస్‌డీ లిస్టు, అంటే ఊర్లో లేనోళ్ళు, ఇల్లు మారినోళ్ళు, చనిపోయినోళ్ళు అని బీఎల్‌ఓ, అంటే ఓటర్ల లిస్టు చూసుకునే బూత్ లెవెల్ ఆఫీసర్, రాసిన జాబితా, దొంగ ఓట్లు పడేది ఎక్కువగా ఈ పేర్ల మీదే. మూడోది చాలామంది అడగనే అడగరు, ఈవీఎం నంబర్ల లిస్టు. ఏ బూత్‌కి ఏ కంట్రోల్ యూనిట్ (ఆఫీసర్ దగ్గరుండి ఓట్లు లెక్కపెట్టే భాగం), ఏ బ్యాలెట్ యూనిట్ (ఓటరు బటన్ నొక్కే భాగం), ఏ వీవీప్యాట్ (ఓటు చీటీ అచ్చేసి చూపించే భాగం) పోతాదో కంప్యూటర్లో ర్యాండమైజేషన్, అంటే లాటరీ లాగ, చేసి ఆ సీరియల్ నంబర్ల లిస్టు క్యాండిడేట్లకు ఇస్తారు. అది మీ పార్టీ ఆఫీసులో ఏ బీరువాలోనో పడింటాది, అడిగి మీ బూత్ లైన్ ఒక్కటి రాసుకోండి చాలు. పొద్దున మిషన్ మీద నంబరు, మీ కాగితం మీద నంబరు ఒకటే అయితే మిషన్ దోవలో మార్చేశారు అనే పుకారు ఎవరు ఎత్తినా మీ దగ్గర జవాబు ఉంటాది. ఒకటి కాకపోతే అప్పుడే అడగాల, రిజర్వ్ మిషన్ ఏమైనా వచ్చిందా అని.

పోలింగ్ రోజు. 2024 మే 13న మన దగ్గర పొద్దున 7 నుంచి సాయంత్రం 6 దాకా పోలింగ్ పెట్టారు. పోలింగ్ ఏడింటికైతే మాక్ పోల్ దానికి గంటన్నర ముందు, అంటే ఐదున్నరకి మొదలవుతాది. మీరు ఐదుకల్లా బూత్ గేటు దగ్గరుండాల. ఏజెంట్లు రాలేదని ప్రిసైడింగ్ ఆఫీసర్ ఒక 15 నిమిషాలు చూస్తాడు, ఆ తర్వాత ఉన్నవాళ్ళతోనే మొదలుపెట్టేస్తాడు, అది ఆయన తప్పు కాదు, రూలే అట్లుంది. ఫోన్ ఇంట్లోనే పెట్టి రండి, ఏజెంట్ల ఫోన్లు లోపలికి రానీయరు. పార్టీ కండువా, గుర్తు ఉన్న చొక్కా, టోపీ అన్నీ ఇంట్లోనే. ఇంటి నుంచే ఉగ్గాని కట్టించుకోండి, నీళ్ళ బాటిల్ పెట్టుకోండి, రెండు పెన్నులు పెట్టుకోండి, చేతికి వాచీ కట్టుకోండి ఎందుకంటే ఫోన్ లేకపోతే టైం ఎట్ల తెలుస్తాది, టైం రాసుకోకపోతే మీ నోట్సుకు విలువే లేదు.

ఇంక మాక్ పోల్. రోజు మొత్తంలో ఇంతకంటే ముఖ్యమైన గంట ఇంకోటి లేదు కాబట్టి నిదానంగా చదవండి. మొదట మిషన్ ఆన్ చేసి టోటల్ సున్నా ఉందని చూపిస్తారు, వీవీప్యాట్ కింద డబ్బా తెరిచి ఖాళీగా ఉందని చూపిస్తారు. వంగి చూడండి, మొహమాటం వద్దు. తర్వాత కనీసం 50 ఓట్లు వేయాల, నోటాతో సహా ప్రతి క్యాండిడేట్‌కీ కనీసం ఒకటి పడాల, ఏజెంట్లే ఎవరికి తోచినట్టు వాళ్ళు వేస్తారు, ఎవరికెన్ని వేశారో ఒకరు కాగితం మీద గీతలు గీసుకుంటా పోవాల. అయినాక క్లోజ్ నొక్కుతారు, తర్వాత రిజల్ట్, అప్పుడు తెర మీద ఒక్కొక్క క్యాండిడేట్‌కి ఎన్ని పడ్డాయో వస్తాది, దాన్ని మీ గీతలతో కలపండి, వీవీప్యాట్ చీటీలు కూడా బయటికి తీసి లెక్కపెట్టి కలపండి. మూడూ ఒకటే రావాల.

ఆ తర్వాత క్లియర్ బటన్. అసలు గొడవంతా ఇక్కడే. హడావిడిలో ఈ క్లియర్ నొక్కడం మర్చిపోతే ఆ 50 మాక్ ఓట్లు మిషన్లోనే ఉండిపోతాయి, అసలు ఓట్లు వాటి మీద పడతాయి, సాయంత్రం లెక్క తప్పుతాది, కౌంటింగ్ రోజు ఆ మిషన్‌ని పక్కన పెట్టేస్తారు, 2024 ఎన్నికల దాకా గెలుపు ఓటముల తేడా ఆ మిషన్లలో ఉన్న ఓట్లకన్నా తక్కువ ఉంటేనే దాని వీవీప్యాట్ చీటీలు లెక్కపెట్టేవాళ్ళు, 2025లో మాత్రం ఇట్లాంటి ప్రతి మిషన్ చీటీలూ లెక్కపెట్టాల్సిందేనని కమిషన్ చెప్పింది. అంటే ఒక బటన్ నొక్కకపోతే మిషన్ లెక్క గోడ పక్కకి పోయి, ఊరు ఊరంతా వేసిన ఓట్లకి చీటీలు లెక్కపెట్టాల్సి వస్తాది. అందుకే క్లియర్ అయినాక మళ్ళా టోటల్ నొక్కించి సున్నా చూడండి, వీవీప్యాట్ డబ్బాలో ఒక్క చీటీ కూడా మిగల్లేదని చూడండి, ఆ తర్వాతే మాక్ పోల్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టండి. మాక్ చీటీల వెనక ముద్ర కొట్టి నల్ల కవర్లో పెట్టి సీల్ చేసి, ఆ కవర్‌ని ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి గులాబీ రంగు పేపర్ సీల్ వేస్తారు, దాని మీద కూడా మీ సంతకం ఉండాల.

తర్వాత కంట్రోల్ యూనిట్‌కి సీలు. ఆకుపచ్చ పేపర్ సీల్ ఒకటి ఉంటాది, దాని మీద సీరియల్ నంబర్ అచ్చేసి ఉంటాది. ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకం పెడతాడు, మీరూ పెట్టొచ్చు, పెట్టండి. ఆ నంబర్ రాసుకోండి, స్పెషల్ ట్యాగ్ నంబర్ రాసుకోండి, కంట్రోల్ యూనిట్ నంబర్, బ్యాలెట్ యూనిట్ నంబర్, వీవీప్యాట్ నంబర్ అన్నీ ఒక పేజీలో రాసుకోండి. అసెంబ్లీ, పార్లమెంటు రెండూ ఒకేసారి వస్తే రెండు సెట్లు ఉంటాయి, బ్యాలెట్ పేపర్ తెల్లగా ఉంటే పార్లమెంటు, గులాబీ రంగులో ఉంటే అసెంబ్లీ, నంబర్లు తారుమారు కాకుండా రెండు పేజీల్లో రాసుకోండి. ఈ పేజీయే నెల తర్వాత కౌంటింగ్ హాల్లో మీ క్యాండిడేట్‌కి పనికొచ్చేది.

పోలింగ్ మొదలైంది. మీరు కూర్చునే చోటు కూడా లెక్క ప్రకారమే, ముందు గుర్తింపు ఉన్న జాతీయ పార్టీలు, తర్వాత మన రాష్ట్రంలో గుర్తింపు ఉన్న పార్టీలు, అట్ల చివరికి ఇండిపెండెంట్లు. వచ్చే ఓటరు మొహం కనపడేటట్టు, ఓటు వేసే అట్టల మరుగు మాత్రం కనపడకుండా కూర్చోబెట్టాల. మొదటి ఆఫీసర్ పేరూ సీరియల్ నంబరూ గట్టిగా చదువుతాడు, మీరు మీ లిస్టులో టిక్ పెట్టుకోండి. ఆ టిక్కులున్న కాగితాన్ని గానీ, ఎవరు ఓటేశారు ఎవరు వేయలేదు అని చీటీలు గానీ బయటికి పంపకూడదు, బయట టేబుల్ దగ్గరున్న మీవాళ్ళు ఎంత సైగలు చేసినా.

గుర్తింపు కార్డు దగ్గర రోజంతా రగడ ఉంటాది. ఓటర్ కార్డు లేకపోతే ఆధార్, ఉపాధి హామీ జాబ్ కార్డు, ఫోటో ఉన్న బ్యాంకు లేదా పోస్టాఫీసు పాస్‌బుక్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, పాస్‌పోర్టు, ఫోటో ఉన్న పెన్షన్ పత్రం ఇట్లాంటివి చెల్లుతాయి. రేషన్ కార్డు ఆ లిస్టులో లేదు. బీఎల్‌ఓ ఇచ్చిన ఓటర్ స్లిప్ ఒక్కటే తెస్తే చాలదు, 2019 నుంచి దాన్ని గుర్తింపుగా తీసుకోవడం లేదు, పాపం ముసలోళ్ళు ఆ స్లిప్ పట్టుకునే వస్తారు. కార్డులో అక్షరం తప్పు, తండ్రి పేరు తేడా ఇట్లాంటి చిన్నచిన్నవి పట్టుకుని అవతలి పార్టీ ఓటరని తెలిసి ఆపాలని చూడకండి, ప్రిసైడింగ్ ఆఫీసర్ వినడు, వినకూడదు కూడా.

ఏఎస్‌డీ లిస్టులో పేరుందని ఓటు లేనట్టు కాదు. ఈ మాట మన పక్క గట్టిగా చెప్పాల. కోసిగి, మంత్రాలయం పక్కనుంచి మిరపకాయల పనికి గుంటూరు దిక్కు పోయినోళ్ళు, అనంతపురం పల్లెల నుంచి బెంగళూరు పోయినోళ్ళు, బీఎల్‌ఓ వచ్చినప్పుడు ఇంట్లో లేరు కాబట్టి ఆ లిస్టులో పడింటారు, ఓటు రోజు బస్సెక్కి వస్తారు. ఆ మనిషి ఆ మనిషేనని ప్రిసైడింగ్ ఆఫీసరే స్వయంగా కార్డు చూసి నమ్మితే, డిక్లరేషన్ తీసుకుని, రిజిస్టర్లో సంతకంతో పాటు వేలిముద్ర కూడా వేయించుకుని ఓటు వేయనిస్తాడు. మీరు చూడాల్సింది ఆ తతంగమంతా జరిగిందా లేదా అని. చనిపోయినవాళ్ళ పేరు మీద ఎవరైనా వస్తే మాత్రం అది వేరే కథ.

అప్పుడు ఛాలెంజ్ చేయాల. వచ్చినవాడు ఆ పేరుగలవాడు కాదు అని మీకు నిజంగా తెలిస్తే వాడు ఓటు వేయకముందే లేచి చెప్పండి, రెండు రూపాయలు కట్టాల, అవును రెండే రూపాయలు, చిల్లర జేబులో పెట్టుకోండి. ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారిస్తాడు, ముందు రుజువు చూపించమని మిమ్మల్నే అడుగుతాడు, తర్వాత వాణ్ని అడుగుతాడు, కావాలంటే ఊర్లోవాళ్ళని పిలిపిస్తాడు. మీ మాట నిజమైతే రెండు రూపాయలు వెనక్కి వస్తాయి, వాడు పోలీసుల చేతికి పోతాడు. ఊరికే ఓటర్లను విసిగించడానికి చేశారని ఆయనకు అనిపిస్తే ఆ డబ్బు పోతాది. వయసు 18 ఉందా లేదా అని ఛాలెంజ్ చేయడానికి లేదు, లిస్టులో పేరుందంటే వయసు సంగతి అప్పుడే తేలిపోయినట్టు.

బురఖా వేసుకుని వచ్చే ఆడవాళ్ళ విషయంలో కర్నూలు, కడప, ఆదోని బూత్‌ల్లో కొంతమంది ఏజెంట్లు కావాలనే గొడవ లేపుతారు. మొహం చూపించమని అడగడం మీ పని కాదు. మహిళా సిబ్బంది పక్కన మరుగులో చూసి గుర్తుపడతారు, ఆ ఏర్పాటు ఉందా అని మాత్రం పొద్దున్నే అడిగి తెలుసుకోండి.

ఎవరైనా వచ్చి, నా ఓటు అప్పుడే ఎవరో వేసేశారంట అని ఏడుపు మొహం పెడితే వాళ్ళని ఇంటికి పంపనీయకండి. వాళ్ళు నిజమైన ఓటరేనని తేలితే టెండర్ ఓటు వేసే హక్కు ఉంది. అది మిషన్లో పడదు, కాగితం బ్యాలెట్ ఇస్తారు, వేరే కవర్లో పెట్టి సీల్ చేస్తారు. మామూలు లెక్కింపులో దాన్ని కలపరు, కోర్టు అడిగితే పనికొస్తాది. అంతే కదా, దానివల్ల ఏముంది అనుకోవద్దు, ఒక బూత్‌లో ఇట్లాంటివి పదిహేను ఇరవై పడితే అక్కడ దొంగ ఓట్లు పడ్డాయనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం ఏముంటాది.

కళ్ళు కనపడనోళ్ళకి, చేతకానోళ్ళకి తోడు వచ్చేవాళ్ళ మీద కన్నేయండి. తోడు వచ్చే మనిషికి 18 ఏళ్ళు నిండాల, ఒక మనిషి ఆ రోజు ఒక్కరికే తోడు పోవచ్చు, ఓటు ఎవరికి వేశారో బయట చెప్పనని డిక్లరేషన్ ఇయ్యాల. ఒకే పెద్దమనిషి ఊర్లో అవ్వలందరికీ చేయి పట్టుకుని లోపలికి తీసుకొస్తాంటే మొదటిసారే ఆయన పేరు రాసుకుని రెండోసారి లేచి చెప్పండి. సేవ చేస్తాంటే అడ్డం వస్తావా అంటాడు, అననీండి.

మిషన్ ఆగిపోతే కంగారు పడొద్దు గానీ ఏది మార్చారో చూడండి. పోలింగ్ నడుస్తాంటే కంట్రోల్ యూనిట్ గానీ బ్యాలెట్ యూనిట్ గానీ చెడిపోతే మూడూ కలిపి సెట్ మొత్తం మార్చాల, కొత్త సెట్‌లో మళ్ళా మాక్ పోల్ చేయాల, ఈసారి ప్రతి క్యాండిడేట్‌కీ ఒక్కో ఓటు చాలు, మళ్ళా క్లియర్, మళ్ళా సున్నా, మళ్ళా చీటీలు తీసేయడం. వీవీప్యాట్ ఒక్కటే చెడిపోతే అదొక్కటే మారుస్తారు, మాక్ పోల్ అవసరం లేదు. ఆగిన టైం, మళ్ళా మొదలైన టైం, అప్పటికి ఎన్ని ఓట్లు పడినాయి, కొత్త మిషన్ నంబర్లేంది, అన్నీ రాసుకోండి. పాత సెట్‌లో పడిన ఓట్లు యాడికీ పోవు, దాన్నీ సీల్ చేసి తీసుకపోతారు, రెండు కంట్రోల్ యూనిట్లూ లెక్కలోకి వస్తాయి.

నేను ఒకదానికి నొక్కితే చీటీలో ఇంకోటి వచ్చింది అని ఎవరైనా అన్నారనుకోండి. వీవీప్యాట్ అద్దంలో చీటీ 7 సెకన్లు కనపడతాది, సీరియల్ నంబరు, పేరు, గుర్తు ఉంటాయి. అట్ల ఫిర్యాదు చేస్తే ప్రిసైడింగ్ ఆఫీసర్ రాతపూర్వకంగా తీసుకుని, అబద్ధమైతే కేసవుతాది అని ముందే హెచ్చరించి, మీ ఏజెంట్ల ముందరే టెస్ట్ ఓటు వేయిస్తాడు. నిజమైతే ఆ మిషన్లో పోలింగ్ ఆపేస్తారు. అబద్ధమైతే రిజిస్టర్లో, 17సీలో రాసుకుంటారు, ఆ టెస్ట్ ఓటు సాయంత్రం లెక్కలో తీసేయాల, అది మీరూ రాసుకోండి. బయట వందమంది ముందర అరిచినా సరే, రాసి సంతకం పెట్టమనేసరికి చాలామంది గమ్మునైపోతారు.

ఇప్పుడు కష్టమైన సంగతి. మన జిల్లాల్లో ఏజెంట్‌ని అసలు కూర్చోనీయని ఊర్లు ఇప్పటికీ ఉన్నాయి, లేవని చెప్తే మీరే నవ్వుతారు. 2024లో పోలింగ్ రోజూ, ఆ తర్వాతా తాడిపత్రిలో, పల్నాడులో గొడవలు జరిగి ఎలక్షన్ కమిషన్ అనంతపురం, పల్నాడు ఎస్పీలని సస్పెండ్ చేసింది, సిట్ అనే ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేయించింది. అట్లాంటి ఊరైతే ముందురోజు రాత్రే బూత్ ఉన్న ఊర్లో బంధువుల ఇంట్లో పడుకోండి, తెల్లారుజామున ఒక్కరే బండి మీద పోవద్దు, రిలీఫ్ ఏజెంట్లతో కలిసి పోండి, దోవలో ఆపితే ఎవరికి ఫోన్ చేయాలో ఇంట్లోవాళ్ళకి రాసిచ్చి పోండి. కొన్ని బూత్‌లను తిరిగి చూసుకునే సెక్టార్ ఆఫీసర్ నంబరు, రిటర్నింగ్ ఆఫీసర్ ఆఫీసు నంబరు, జనరల్ అబ్జర్వర్ నంబరు ముందే పేపర్లో వేస్తారు, 1950 అని హెల్ప్‌లైన్ ఉంది, సీవిజిల్ యాప్‌లో వీడియో పెడితే 100 నిమిషాల్లో చర్య తీసుకోవాలని లెక్క. మిమ్మల్ని లోపలినుంచి బయటికి లాగేస్తే కొట్లాటకి దిగొద్దు, బయటికి వచ్చి టైం రాసి, ఫారం 10 జిరాక్స్ జత చేసి రిటర్నింగ్ ఆఫీసర్‌కీ అబ్జర్వర్‌కీ రాతపూర్వకంగా ఇచ్చి రిసీవ్డ్ అని వేయించుకోండి. రీపోలింగ్ పెట్టాలా వద్దా అని కమిషన్ చూసేటప్పుడు ఇట్లాంటి కాగితమే ముందుకొస్తాది, మర్నాడు ప్రెస్‌మీట్‌లో చెప్పిన మాట కాదు. ప్రాణం మీదికి వచ్చేటట్టుంటే మాత్రం ఏ క్యాండిడేట్ కోసమూ కూర్చోవద్దు, ఇది ఖచ్చితంగా చెప్తాండా.

గుంపు లోపలికి దూరితే ప్రిసైడింగ్ ఆఫీసర్ క్లోజ్ బటన్ నొక్కేయొచ్చు, నొక్కినాక ఆ మిషన్లో ఒక్క ఓటు కూడా పడదు. పైగా ఈవీఎంలో నిమిషానికి నాలుగు ఓట్లకు మించి పడవు, పాతకాలంలో బ్యాలెట్ కట్టలు కట్టలుగా ముద్ర గుద్ది డబ్బాలో వేసినట్టు ఇప్పుడు కుదరదు. బూత్ ఆక్రమించినోళ్ళకి 135ఏ కింద ఏడాదికి తక్కువ కాకుండా మూడేళ్ళ దాకా జైలు, గవర్నమెంట్ ఉద్యోగి అయితే మూడు నుంచి ఐదేళ్ళు. కెమెరాలు కూడా ఉన్నాయి, 2024లో మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేట్ బూత్‌లో ఈవీఎం పగలగొట్టింది దేశమంతా చూసింది బూత్‌లో పెట్టిన వెబ్‌కాస్టింగ్ కెమెరా వల్లనే కదా.

ఇంకొక చిన్నమాట, పోలింగ్ సిబ్బందికి టిఫిన్లు, కూల్‌డ్రింకులు మీరు తెప్పించకండి. మన ఊరికి వచ్చినోళ్ళు కదా అని మర్యాదకే అనుకుంటారు, కానీ ఏ పార్టీ చేతి తిండీ వాళ్ళు తినకూడదు, తింటే ఆ బిర్యానీ ప్యాకెట్టే మర్నాడు ఫిర్యాదు అవుతాది.

సాయంత్రం ఆరైంది. అప్పటికి క్యూలో ఉన్నవాళ్ళందరికీ ఓటు వేసే హక్కు ఉంది, చివరి మనిషి నుంచి మొదలుపెట్టి ముందుకు నంబర్ చీటీలు పంచుకుంటా వస్తారు, అట్లయితే తర్వాత వచ్చినోళ్ళు వెనక చేరడానికి ఉండదు. ఈ చీటీలు ఎన్ని పంచారో రాసుకోండి. 2024లో కొన్ని బూత్‌ల్లో రాత్రి బాగా పొద్దుపోయేదాకా ఓట్లు పడ్డాయి, ఆ రాత్రి ఓట్లు యాడినుంచి వచ్చాయని తర్వాత నెలల తరబడి అరిచారు, చీటీల లెక్క రాసుకున్న ఏజెంట్ ఉన్న బూత్‌లో ఆ అనుమానానికే చోటు లేదు.

ఆఖరి ఓటు పడినాక క్లోజ్ నొక్కుతారు. తెర మీద మొత్తం ఓట్లు వస్తాయి, రాసుకోండి. ఇప్పుడు ఫారం 17సీ. అలసిపోయినాం, ఆకలేస్తాంది, బయట మనోళ్ళు పిలుస్తాండారు అని లేచిపోయేది సరిగ్గా ఇప్పుడే, లేవద్దు. 17సీ మొదటి భాగంలో బూత్‌లో మొత్తం ఓటర్లెంతమంది, ఓటర్లు సంతకం పెట్టే 17ఏ రిజిస్టర్లో ఎంతమంది సంతకం పెట్టారు, సంతకం పెట్టి కూడా ఓటు వద్దని పోయినోళ్ళెంతమంది, ఓటు రహస్యం బయటపెట్టినందుకు వేయనీయనోళ్ళెంతమంది, టెస్ట్ ఓట్లెన్ని, మిషన్లో ఎన్ని, టెండర్ బ్యాలెట్లెన్ని, పేపర్ సీళ్ళ నంబర్లేంది అని వరసగా ఉంటాయి. లెక్క ఇట్ల చూడండి. రిజిస్టర్లో 842 మంది, అందులో ఇద్దరు ఓటు వేయకుండానే పోయినారు, అంటే మిషన్ 840 చూపించాల. 890 చూపిస్తే పొద్దున మాక్ పోల్ ఓట్లు క్లియర్ చేయలేదని ఎవరూ చెప్పకుండానే అర్థం కావాల. ఒకటి రెండు తేడా వస్తే ఆ కారణం ప్రిసైడింగ్ ఆఫీసర్ డైరీలో రాయించండి.

ఆ 17సీ కాపీ, ప్రిసైడింగ్ ఆఫీసర్ సంతకంతో, అక్కడున్న ప్రతి ఏజెంట్‌కీ ఇయ్యాల, ఎన్నికల నిర్వహణ నిబంధనల్లో 49ఎస్ రూల్ అదే చెప్తాది. బతిమాలుకోవాల్సిన పని లేదు, అది మీ హక్కు. 2024లో ఇదే కాగితం గురించి సుప్రీంకోర్టు దాకా పోయినారు, బూత్‌ల వారీ 17సీలన్నీ వెబ్‌సైట్లో పెట్టమని అడిగారు, దానికి కమిషన్ ఏం చెప్పిందంటే చట్టం ప్రకారం 17సీ కాపీ ఇయ్యాల్సింది ఏజెంట్లకు మాత్రమే అని. ఎన్నికల మధ్యలో ఆదేశాలియ్యడానికి కోర్టు ఒప్పుకోలేదు. అంటే ఏంది, మీరు తీసుకోకపోతే ఆ కాగితం మీ పార్టీకి వచ్చే దారే మూసుకుపోయినట్టు. పార్లమెంటుది ఒకటి, అసెంబ్లీది ఒకటి, రెండూ తీసుకోండి, కంట్రోల్ యూనిట్ నంబరు మీ పొద్దున పేజీతో కలుస్తాందా చూసుకోండి.

మిషన్లు పెట్టెల్లో పెట్టి అడ్రస్ ట్యాగులు కట్టి సీలు వేస్తాంటే ఆ ట్యాగుల మీద కూడా సంతకం పెట్టొచ్చు. బండి బయల్దేరితే వెనకాలే పోవడానికి మీ పార్టీ బండికి అనుమతి ఉంటాది, పోలేకపోతే ఎన్నింటికి కదిలింది, ఎంతసేపటికి మిషన్లు అప్పజెప్పే రిసెప్షన్ సెంటర్ చేరింది అనేది కనుక్కోండి. సెక్టార్ ఆఫీసర్ జీపులో రిజర్వ్ మిషన్లుంటాయి, వాడని వాటిని, వాడిన వాటిని విడివిడిగా పెడతారు, రిజర్వ్ మిషన్ల జీపు చూసి దొంగ ఈవీఎంలు అని వాట్సాప్‌లో పెట్టేసే ముందు దాని నంబరు లిస్టులో ఉందో లేదో చూడండి.

పంచాయతీ, ఎంపీటీసీ, జడ్పీటీసీ ఎలక్షన్లకి కూర్చుంటే ఇదంతా ఇట్లాగే ఉండదు. వాటిని నడిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం, మన రాష్ట్రంలో కాగితం బ్యాలెట్, డబ్బాలే వాడారు, మాక్ పోలూ వీవీప్యాటూ ఉండవు, బదులుగా డబ్బా ఖాళీగా ఉందని చూడ్డం, దాని సీల్ నంబరు, బ్యాలెట్ పుస్తకాల మొదటి నంబరు చివరి నంబరు రాసుకోవడం ముఖ్యం. 2025 ఆగస్టులో పులివెందుల జడ్పీటీసీ ఉప ఎన్నికలో రెండు బూత్‌లకి రీపోలింగ్ పెట్టారు, అక్కడా గొడవంతా ఏజెంట్లను కూర్చోనిచ్చారా లేదా అన్నదాని మీదే తిరిగింది.

ఇంటికొచ్చినాక 17సీ రెండు జిరాక్సులు తీయించి, అసలుది ఎలక్షన్ ఏజెంట్‌కి ఇచ్చి, ఒకటి మీ దగ్గర పెట్టుకోండి, నంబర్ల పేజీ కూడా. కౌంటింగ్ రోజు టేబుల్ దగ్గర కూర్చునే కౌంటింగ్ ఏజెంట్ మీ బూత్ మిషన్ రాంగానే మొదట ఓట్లు చూడకూడదు, కంట్రోల్ యూనిట్ నంబరు, ఆకుపచ్చ సీల్ నంబరు, మొత్తం ఓట్లు మీ 17సీతో కలుస్తాయా చూడాల, ఆ తర్వాతే రిజల్ట్ బటన్. కలవకపోతే అప్పుడే చెప్పాల, రౌండ్ అయిపోయినాక కాదు. లెక్కింపు అయినాక ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో చీటీ తీసి ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కపెడతారు, మొదట్లో ఒక్కటే ఉండేది, చంద్రబాబు నాయుడు సహా ఇరవై ఒక్క ప్రతిపక్ష నాయకులు వేసిన కేసులో 2019 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఐదు చేసింది. 2024 ఏప్రిల్ 26 తీర్పు తర్వాత రెండో, మూడో స్థానంలో వచ్చిన క్యాండిడేట్లు ఫలితం వచ్చిన ఏడు రోజుల్లోపల రాసిస్తే, అసెంబ్లీ సెగ్మెంట్‌కి ఐదు శాతం మిషన్ల లోపలి మెమరీని వాటిని తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లతో చూపించుకోవచ్చు, ఖర్చు ముందు వాళ్ళే కట్టాల. రీకౌంటింగ్ అడగాలంటే ఫలితం ప్రకటించకముందే రాసియ్యాల. హైకోర్టులో ఎలక్షన్ పిటిషన్‌కి 45 రోజులు టైం, కాబట్టి మీ నోట్‌బుక్ అన్ని రోజులన్నా పారేయకుండా పెట్టుకోండి, వకీలు మొదట అడిగేది దాన్నే.